తేలిక మాటల వెనుక బరువు

(మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి, "మీరొక పావుగంట మాట్లాడాలి. డి.ఏ. బకాయిల గురించి వద్దు, దానికి వేరే వక్త ఉన్నారు. మోకాళ్ళ నొప్పుల గురించి కూడా వద్దు, డాక్టరుగారు వస్తున్నారు" అన్నారు. ఆ రెండూ తీసేస్తే మన దగ్గర మిగిలేదేముంది చెప్పండి! నాకు తెలిసిన విద్య ఒక్కటే. ముప్పై అయిదేళ్ళకు పైగా ఇంగ్లీషులో నోట్ ఫైళ్ళు రాశాను. అందుచేత ఇంగ్లీషు మాటల గురించే నాలుగు ముక్కలు మనవి చేస్తాను. అందులోనూ, ఏదైనా పని తేలిక అని చెప్పడానికి ఇంగ్లీషువాళ్ళు వాడే జాతీయాల గురించి. ఇదేమి విషయం అని మీరు ముఖం చిట్లించకండి. దీనికీ మనకూ సంబంధం ఉంది. చివర్లో చెబుతాను.

కిందటేడు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజులు వచ్చాయి. నా వేలిముద్రలు అరిగిపోయాయి. యంత్రం మీద ఎన్నిసార్లు నొక్కినా గుర్తుపట్టదు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చిన సంగతి, 2021 నవంబరు నుంచి ఫోనులో ముఖం చూపించి కూడా సర్టిఫికెట్ ఇచ్చే సౌకర్యం కలిగిన సంగతి మీకు తెలిసిందే. మా మనవడు ఫోను నా చేతిలో పెట్టి, "పీస్ ఆఫ్ కేక్, తాతయ్యా! రెండు నిమిషాల పని" అని క్రికెట్ ఆడుకోవడానికి వెళ్ళిపోయాడు. ముప్పావుగంట సేపు ఆ ఫోనుతో కుస్తీ పట్టాను. వెలుతురు చాలదంటుంది. ముఖం తిన్నగా పెట్టమంటుంది. రెప్పలు ఆర్పమంటుంది. నేను బతికే ఉన్నానని దానికి నమ్మకం కలిగించలేకపోయాను. వాడు తిరిగి వచ్చి నిజంగానే రెండు నిమిషాల్లో ముగించాడు.

పని అయింది. కానీ నా మనసులో ముల్లు ఉండిపోయింది. వాడు తప్పుగా ఏమీ అనలేదు. ప్రేమగానే అన్నాడు. అయినా తేలిక అన్న పని చేతకాకపోతే మనిషికి కలిగే చిన్నతనం ఉందే, అది కష్టమైన పని చేతకాకపోతే కలగదు. ఆ రాత్రి నిద్ర పట్టక నిఘంటువు తీశాను. అసలీ కేకు ముక్క ఎక్కడి నుంచి వచ్చింది?

'పీస్ ఆఫ్ కేక్' అనే మాట సులువైన పని అనే అర్థంలో 1930ల మధ్యలో ఆగ్డెన్ నాష్ అనే అమెరికన్ హాస్యకవి రాతల్లో కనబడుతుంది. అయితే దానిని లోకమంతా తిప్పినవాళ్ళు రెండో ప్రపంచయుద్ధంలోని బ్రిటిష్ వైమానిక దళంవారు, అంటే ఆర్.ఏ.ఎఫ్. కుర్రవాళ్ళు. ఇరవై, ఇరవై రెండేళ్ళ పిల్లలు. రాత్రిపూట జర్మనీ మీదికి వెళ్ళి బాంబులు వేసి రావాలి. కింద ఫిరంగులు, పైన శత్రు విమానాలు. "ఇవాళ్టి పని పీస్ ఆఫ్ కేక్" అనుకుని ఎక్కేవారు. ఆ దళంలో బాంబర్ కమాండ్ అనే విభాగం ఉండేది. అందులో విమానాలెక్కిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. నూటికి నలభై నాలుగు మంది! కేకు ముక్క అన్నది ఆ నోళ్ళలో తేలిక మాట కాదు. భయాన్ని కప్పిపుచ్చుకునే దుప్పటి.

పిల్లల కథలు రాసి పేరు పొందిన రోల్డ్ డాల్ కూడా ఆ దళంలో పైలటే. 1940 సెప్టెంబరులో ఆయన విమానం ఉత్తర ఆఫ్రికా ఎడారిలో కూలిపోయింది. పుర్రె చిట్లింది, కొన్ని వారాలు చూపు లేదు. ఆ అనుభవం మీద రాసిన కథను 1946లో వచ్చిన తన సంపుటిలో 'ఎ పీస్ ఆఫ్ కేక్' అనే పేరుతో చేర్చాడు. పేరులోని వెటకారం మీకు అర్థమవుతుంది.

ఇక కేకుకు చుట్టం 'కేక్ వాక్'. మన తెలుగు పత్రికల ఆటల పేజీలో కూడా ఈ మాట చూస్తుంటాం. ఫలానా జట్టుకు ఈ మ్యాచ్ కేక్ వాకే అని రాస్తారు. దీని పుట్టిల్లు అమెరికా దక్షిణ రాష్ట్రాల తోటలు. పత్తి, పొగాకు తోటల్లో నల్లజాతివారు బానిసలుగా చాకిరీ చేసిన కాలం. దొరల బంగళాల్లో విందులు, నాట్యాలు జరిగేవి. దొరలూ దొరసానులూ జంటలు జంటలుగా, మెడలు నిక్కించి, చేతులు పట్టుకుని నడిచేవారు. అది చూసి బానిసలు తీరిక దొరికిన రోజున ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని, దొరల నడకను మరింత పెంచి, నడుము వెనక్కి వంచి, మోకాళ్ళు పైకెత్తి అనుకరించేవారు. దొరలు అరుగు మీద కూర్చుని చూసి మురిసిపోయి, బాగా నడిచిన జంటకు ఒక కేకు బహుమతి ఇచ్చేవారట. తమనే వెక్కిరిస్తున్నారని వాళ్ళకు తెలియదు! ఇది ఆ బానిసతనం నుంచి బయటపడినవారు, వారి పిల్లలు చెప్పుకున్న జ్ఞాపకం.

1865లో రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దయింది. తరువాత ఆ నడక రంగస్థలమెక్కింది. 1890లలో అమెరికా అంతా దానికి వెర్రెత్తింది. సముద్రం దాటి ఐరోపా చేరింది. 1908లో ఫ్రెంచి సంగీతకారుడు డెబుస్సీ పిల్లల కోసం చేసిన పియానో రచనల్లో ఒకదానికి కేక్ వాక్ అని పేరు పెట్టాడు. అంత పేరు వచ్చిన ఆ నడక సులువైనది మాత్రం కాదు. ఎంతో సాధన కావాలి. చూసేవాళ్ళకు సులువుగా కనబడింది. అంతే.

ఈ మాటకు ఇటీవలి చరిత్ర కూడా ఒకటుంది. 2002 ఫిబ్రవరిలో, రీగన్ ప్రభుత్వంలో పనిచేసిన కెన్ ఎడెల్మన్ అనే ఆయన ఒక పెద్ద పత్రికలో, ఇరాక్‌ను గెలవడం కేక్ వాకే అవుతుందని రాశాడు. 2003 మార్చిలో యుద్ధం మొదలైంది. అమెరికా సైన్యం అక్కడి నుంచి బయటికి వచ్చేసరికి 2011 డిసెంబరు అయింది. తేలిక అనే మాట రాయడానికి ఒక కలం చాలు. మోయడానికి ఎన్ని భుజాలు కావాలో చూడండి.

'ఈజీ యాజ్ పై' అని ఇంకొకటుంది. పై అంటే పళ్ళో, మాంసమో లోపల పెట్టి పిండితో మూసి కాల్చే వంటకం. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా మాట. ఇక్కడ హాలులో ఉన్న ఆడవారిని నేను ఒక ప్రశ్న అడుగుతాను. పిండి కలిపి, ఒత్తి, లోపల కూరి, అంచులు మూసి, మాడకుండా కాల్చడం సులువా? కాదు. మరి సులువు దేంట్లో ఉంది? తినడంలో! ఈ జాతీయం వంటింట్లో పుట్టలేదు, భోజనాల బల్ల దగ్గర పుట్టింది. కేకైనా, పై అయినా అవి తినేవాడి మాటలు. చేసేవాళ్ళను అడిగితే వేరే మాట చెబుతారు.

'ఫాలింగ్ ఆఫ్ ఎ లాగ్' అని 1830ల చివరి నాటి అమెరికా పత్రికల్లో ఉంది. దుంగ మీది నుంచి పడినంత తేలిక అని. ఇది మాత్రం నిజాయితీ గల మాట. గుండ్రటి దుంగ మీద నిలబడితే పడటానికి ఏ శిక్షణా అక్కరలేదు. మన వయసులో దుంగ కూడా అక్కరలేదు, స్నానాల గది చాలు! కాస్త జాగ్రత్తగా ఉండండి.

మన ఆఫీసులకు బాగా అలవాటైన మాట 'ప్లెయిన్ సెయిలింగ్'. "ఫైనాన్స్ వారి ఆమోదం వస్తే ఆపైన ప్లెయిన్ సెయిలింగే" అని మా సూపరింటెండెంటుగారు ఎన్నోసార్లు అనేవారు. ప్లెయిన్ అంటే సాదా అని, సాఫీగా సాగే ప్రయాణమని అనుకునేవాణ్ణి. అది కాదట. ఇది నావికుల మాట. ఇందులో ప్లేన్ అంటే చదునైన తలం. భూమి గుండ్రంగా ఉందని తెలిసినా, లెక్క తేలికగా ఉండటానికి అది బల్లపరుపుగా ఉందనుకుని దారి కట్టే పద్ధతికి ప్లేన్ సెయిలింగ్ అని పేరు. దగ్గరి ప్రయాణానికి, భూమధ్యరేఖ పక్కన, ఆ లెక్క సరిపోతుంది. దూరం వెళితే మోసం చేస్తుంది. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం అంటే సుమారు 111 కిలోమీటర్లు. ఉత్తరాన 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అదే ఒక డిగ్రీ అందులో సగమే. బల్లపరుపు పటంలో మాత్రం రెండూ సమానమే! ఈ తప్పు లేకుండా దిక్కులు సరిగా చూపే పటాన్ని 1569లో మెర్కేటర్ గీశాడు. దాని లెక్కను 1599లో ఎడ్వర్డ్ రైట్ అనే ఇంగ్లీషు గణితవేత్త పుస్తకంగా వివరించాడు. ఆ పుస్తకం పేరులోనే నౌకాయానంలోని తప్పులు అని ఉంది.

నాకు ఈ మాట బాగా నచ్చింది. ఎందుకంటే మన ఆఫీసు పని అంతా ఇందులో ఉంది. పని ఎప్పుడు తేలికవుతుంది? మనం ఒక వంపును లెక్కలోకి తీసుకోనప్పుడు. ఆ వంపు ఎవరి బతుకులో ఉందో వారికే తెలుస్తుంది.

గుర్రప్పందేలు రెండు మాటలు ఇచ్చాయి. ఒకటి 'హ్యాండ్స్ డౌన్'. గెలుపు ఖాయమైన జాకీ ఇక కళ్ళేలు బిగించి పట్టే పని లేక చేతులు కిందికి దించేస్తాడు. అదే శ్రమ లేని గెలుపుకు పేరయింది. పరుగెత్తింది మాత్రం గుర్రం! రెండోది 'వాకోవర్'. పోటీకి ఇంకెవరూ రాకపోతే, ఉన్న ఒక్క గుర్రమూ పందెపు బాట వెంట నడిచి వస్తే చాలు, బహుమతి దానిదే. 1764లో సూర్యగ్రహణం నాడు పుట్టి, ఎక్లిప్స్ అనే పేరు పొందిన గుర్రం ఇంగ్లండులో ఉండేది. 1769, 1770 సంవత్సరాల్లో 18 పందేల్లో పాల్గొని ఒక్కటీ ఓడలేదు. దానితో పోటీకి ఎవరూ రాక కొన్ని పందేలు ఉత్త నడకతోనే గెలిచింది. ముందు అంత పరుగు పరుగెత్తింది కాబట్టి తరువాత నడిచి గెలిచింది.

ఇప్పుడొక సరదా మాట. 'బాబ్స్ యువర్ అంకుల్'. ఇలా చెయ్యి, అలా చెయ్యి, ఇక బాబ్ నీ మామే అంటారు ఇంగ్లండులో. అంటే పని అయిపోయినట్టే. దీనికి చెప్పే కథ ఉద్యోగస్తులమైన మనకు చెవికి ఇంపుగా ఉంటుంది. 1887లో ప్రధానమంత్రి సాల్స్‌బరీ ప్రభువు, ఐర్లండు వ్యవహారాలు చూసే ముఖ్యమైన పదవికి ఆర్థర్ బాల్ఫోర్‌ను వేశాడు. ఆ ప్రధాని పేరు రాబర్ట్, అంటే బాబ్. బాల్ఫోర్ ఆయన సొంత చెల్లెలో అక్కో కొడుకు. ఇంగ్లీషులో అంకుల్ అంటే ఎవరైనా కావచ్చు గాని, మన భాషలో స్పష్టంగా మేనమామ అన్నమాట! 1902లో మామ దిగిపోతే ఆ మేనల్లుడే ప్రధాని కూడా అయ్యాడు. మేనమామ బాబ్ అయితే దేనికి లోటు అని జనం అనుకున్నారట. కథ బాగుంది. చిక్కల్లా ఒక్కటే. ఈ మాట 1920లకు ముందు అచ్చులో కనబడటం లేదు. 1887 నాటి ఎకసెక్కెం అయితే దాదాపు నలభై ఏళ్ళు ఏ పత్రికా రాయకుండా ఉంటుందా? ఫైలులో కాగితం లేని విషయాన్ని మనం నమ్మకూడదు గదా. కనుక దానిని కథగానే ఉంచుదాం.

'చైల్డ్స్ ప్లే', అంటే పిల్లలాట, వీటన్నిటికంటే పాతది. ఆరువందల ఏళ్ళ నాటి కవి చాసర్ తన వర్తకుడి కథలో వాడాడు. అందులో అరవై దాటిన ఒక ముసలి వీరుడు పడుచుపిల్లను చేసుకోబోతుంటే, పెళ్ళంటే పిల్లలాట కాదని అతని సోదరుడు హెచ్చరిస్తాడు. అది వినీ చేసుకున్నాడు, తరువాత అనుభవించాడు. గమనించండి, ఆ మాట అప్పుడే "కాదు" తో కలిసి వచ్చింది.

మన తెలుగులో లేవా అంటే కావలసినన్ని ఉన్నాయి. 'నల్లేరు మీద బండి నడక' అంటాం. నల్లేరు తీగ మెత్తగా, నీరుపట్టి ఉంటుంది. బండిచక్రం దానిమీద ఎక్కితే నలిగి దారి ఇస్తుంది. బండికి సాఫీ. నల్లేరును ఎవరూ అడగలేదు. ఈ మధ్య పత్రికల్లో బండిని తీసేసి 'నల్లేరు మీద నడక' అని రాస్తున్నారు. నల్లేరు పచ్చడి చేసిన ఇల్లాళ్ళకు తెలుసు, పచ్చి కాడ తగిలితే చేతులు ఎంత దురద పెడతాయో. చెప్పులు లేకుండా దానిమీద నడిచి చూడమనండి!

'కొట్టిన పిండి' అంటాం. కొట్టినదెవరు? రోకలి పోటు వేసి వేసి అరచేతులు కాయలు కట్టిన అమ్మలు. 'మంచినీళ్ళ ప్రాయం' అంటాం. గ్లాసు ఎత్తి తాగడం సులువే. ఎండాకాలంలో రెండు బిందెలతో ఊరవతల బావి నుంచి తెచ్చినవారికి ఆ నీళ్ళు సులువా? ఏ భాషైనా తేలిక మాట వెనక ఎవరిదో బరువు ఉంది.

ఇక మొదట్లో అన్న సంబంధం చెప్పి ముగిస్తాను. ఇది నేను ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

1980ల చివర్లో నేను ఒక ఆఫీసులో పెన్షన్ కాగితాలు చూసే సీటులో ఉన్నాను. ఒక అటెండరు చనిపోతే ఆయన భార్య ఫ్యామిలీ పెన్షను కోసం వచ్చింది. చదువు లేదు. ఫారం చేతికిచ్చి, "ఇందులో ఏముందమ్మా? నింపించి, ఫొటో అంటించి, గెజిటెడ్ ఆఫీసరు చేత సంతకం పెట్టించుకు రా. అయిదు నిమిషాల పని" అన్నాను. కసిరి అనలేదు. ధైర్యం చెప్పినట్టే అన్నాను. మా మనవడు నాతో అన్నట్టే. ఆమె పదకొండు రోజుల తరువాత వచ్చింది. కాగితం నలిగిపోయింది. సంతకం లేదు. ఎవరిని అడిగినా, నువ్వెవరో మాకు తెలియదు, ఎలా పెడతాం అన్నారట. అన్ని రోజుల కూలీ పోయింది.

"ఇంత చిన్న పనికి ఇన్నాళ్ళా?" అన్నాను. ఆమె కోప్పడలేదు. "మీకు తేలికే బాబూ. గెజిటెడ్ అంటే ఏంటో, ఆయన ఏడుంటాడో నాకు తెలిస్తే గదా" అంది.

గెజిటెడ్ ఆఫీసరుగారు నా సీటుకు ఇరవై అడుగుల దూరంలో, ఊగే తలుపుల వెనక కూర్చుని ఉన్నారు. చనిపోయిన అటెండరు ఆయనకు ఏళ్ళ తరబడి మంచినీళ్ళు అందించినవాడే. నేను లేచి ఆమెను వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళాను. ఆయన వెంటనే సంతకం పెట్టారు. నిజంగా అయిదు నిమిషాలే పట్టింది. నేను చెప్పిన లెక్క తప్పు కాదు. నేను లేచి ఆ ఇరవై అడుగులు నడవకపోవడం తప్పు. ఆమె వంపును నా పటంలో చదును చేసేశాను.

కిందటేడు ఫోను పట్టుకుని ముప్పావుగంట కూర్చున్నప్పుడు నాకు ఆమే గుర్తుకొచ్చింది. కౌంటరుకు ఇవతల నిలబడటం ఎలా ఉంటుందో దేవుడు నాకు ఆలస్యంగా చూపించాడనుకున్నాను. మర్నాడు మనవడికి ఈ సంగతంతా చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఈసారి మనిద్దరం కలిసి చేద్దాం తాతయ్యా. నువ్వే నొక్కు, నేను పక్కన కూర్చుంటా" అన్నాడు. అలాగే నేర్చుకున్నాను.

కనుక కార్యవర్గానికి నాదొక విన్నపం. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజుల్లో మన సంఘం గదిలో రోజూ ఒక పూట ఇద్దరు కూర్చోవాలి. ఫోను వాడటం వచ్చిన పిల్లలెవరైనా వస్తే మరీ మంచిది. వచ్చినవారికి చేసిపెట్టడం కాదు, పక్కన కూర్చుని చేయించాలి. మంచం దిగలేని సభ్యుల ఇళ్ళకు ఎవరో ఒకరు వెళ్ళాలి. అందులో మొదటి పేరుగా నా పేరు రాసుకోండి. ఒక్క షరతు. వచ్చినవారితో "ఇందులో ఏముంది, చాలా తేలిక" అని ఎవరూ అనకూడదు. "రండి, కలిసి చేద్దాం" అనాలి.

పిల్లలు కూడా ఈ హాలులో ఉన్నారు. నాయనలారా, మీ పీస్ ఆఫ్ కేక్‌ను మేము కాదనం. కాకపోతే మాకు పళ్ళు లేవు, కాస్త చిన్న ముక్కలు చేసి పెట్టండి.